మూడు చక్రాల క్లోజ్డ్ బాడీ ఎలక్ట్రిక్ బండి కొంటున్నాం, ఇన్సూరెన్స్ కొటేషన్లు రెండు వచ్చాయి, ఏది తీసుకోవాలి?

గుంటూరు_పచ్చళ్లు
అందరికీ నమస్కారం. మేము ఇంట్లోనే పచ్చళ్లు, కారప్పొడులు చేసి గుంటూరు, తెనాలి, మంగళగిరి షాపులకు వేస్తాం. ఇన్నాళ్లూ పాత డీజిల్ ట్రాలీ ఆటో మీద పట్టా కప్పి తిప్పాం, వాన పడితే అట్టపెట్టెలన్నీ నానిపోయేవి. ఇప్పుడు వెనక మొత్తం మూసి ఉండి తలుపు వేసుకునే డెలివరీ వ్యాన్ బాడీ ఉన్న ఎలక్ట్రిక్ మూడు చక్రాల బండి బుక్ చేశాం, వచ్చే వారం డెలివరీ. బండి ఎక్స్ షోరూం 4,05,000. ఇన్సూరెన్స్‌కి షోరూం వాళ్లు 16,900 అంటున్నారు, మాకు తెలిసిన ఏజెంట్ 7,100కే చేస్తానంటున్నాడు. ఇద్దరూ ఫుల్ ఇన్సూరెన్స్ అనే చెప్తున్నారు. రెండింటికీ దాదాపు పదివేలు తేడా ఎందుకు ఉందో మా ఇంట్లో ఎవరికీ అర్థం కావట్లేదు. మావారు తక్కువది తీసుకుందాం అంటున్నారు, నాకేమో భయంగా ఉంది. లోను మీద కొంటున్న బండి. తెలిసినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్_షెడ్డు
అక్కా, మొత్తం చెప్తే ఏం తెలుస్తుంది, రెండు కొటేషన్లలో ఉన్న లైన్లు ఇక్కడ పెట్టండి. వెహికల్ క్లాస్ ఏమని రాశారు, ఐడీవీ (బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే విలువ) ఎంత, బాడీ టైప్ ఏమని ఉంది, ఓన్ డ్యామేజీ (మన బండి నష్టానికి కట్టేది) ఎంత, థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టేది) ఎంత. ఇవి లేకుండా ఎవరు ఏం చెప్పినా గుడ్డిగా చెప్పినట్టే.

గుంటూరు_పచ్చళ్లు
సరేనండీ, పేపర్లు చూసి రాస్తున్నా.
షోరూంది: క్లాస్ గూడ్స్ క్యారీయింగ్ త్రీ వీలర్, ఐడీవీ 3,84,750, థర్డ్ పార్టీ 4,492, ఓన్ డ్యామేజీ చాలా ఎక్కువగా వేశారు, పైన అదనపు కవర్లని ఏవో నాలుగు యాడ్ ఆన్‌లు.
ఏజెంట్‌ది: క్లాస్ దగ్గర ఈ-కార్ట్ అని ఉంది, ఐడీవీ 2,90,000, బాడీ టైప్ దగ్గర ఓపెన్ అని ఉంది. యాడ్ ఆన్‌లు ఏమీ లేవు.

పాలసీ_చదివి_సంతకం
ఏజెంట్ కొటేషన్ పక్కన పెట్టేయండి అమ్మా. పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఈ-కార్ట్ అంటే మోటారు పవర్ 4,000 వాట్లు దాటకుండా, వేగం గంటకి 25 కిలోమీటర్లు దాటకుండా ఉండే చిన్న బండి, మోసేది కూడా 310 కిలోలే. ఊళ్లలో నెమ్మదిగా తిరిగే ఆ చిన్న బండ్లకి థర్డ్ పార్టీ రేటు తక్కువ. మీరు కొనేది అది కాదు, తెనాలి రోడ్డు మీద 45, 50లో పోయే బండి, దాన్ని ఎల్5ఎన్ కేటగిరీ అంటారు, అంటే సరుకు మోసే మూడు చక్రాల మోటారు వాహనం. ఆర్సీలో ఒకటి, పాలసీలో ఇంకొకటి ఉంటే యాక్సిడెంట్ అయిన రోజు కంపెనీ తరఫున నష్టం చూసే సర్వేయర్ మొదట పట్టుకునేది అదే. ఆ రోజు ఏజెంట్ ఫోన్ ఎత్తడు.

రెండోది, ఐడీవీ. కొత్త బండికి ఎక్స్ షోరూం ధరలో 5 శాతం తీసేసి ఐడీవీ పెడతారు, 4,05,000కి 3,84,750 సరిగ్గా సరిపోయింది, అంటే షోరూం వాళ్లు ఆ లెక్క సరిగ్గానే వేశారు. 2,90,000 అని పెట్టారంటే బండి దొంగతనం జరిగినా పూర్తిగా కాలిపోయినా మీకు వచ్చేది అంతే, లోను మాత్రం పూర్తిగా కట్టాలి.

మూడోది షోరూం వాళ్ల తప్పు. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్లలో సరుకు మోసే మూడు చక్రాల బండి థర్డ్ పార్టీ 4,492, అది నిజమే. కానీ అదే నోటిఫికేషన్‌లో ఎలక్ట్రిక్ బండ్లకి థర్డ్ పార్టీ మీద 15 శాతం తగ్గింపు ఇచ్చారు. అంటే మీకు 3,818 పడాలి. థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయించేది, ఏ కంపెనీకి వెళ్లినా మారదు. బేరం ఆడగలిగేది ఓన్ డ్యామేజీలోనే. జీఎస్టీ కూడా చూసుకోండి, సరుకు బండి థర్డ్ పార్టీ మీద 5 శాతం, ఓన్ డ్యామేజీ మీద 18 శాతం. మొత్తం మీద 18 వేశారేమో అడగండి.

ఇంకో మాట, మూడేళ్లకి ఒకేసారి కట్టాలని ఎవరైనా చెప్తే నమ్మవద్దు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి మూడేళ్లు, టూ వీలర్‌కి ఐదేళ్లు థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించడం మొదలైంది, అది సొంత వాడకం బండ్లకే. కమర్షియల్ బండికి ఏడాది పాలసీనే.

గుంటూరు_పచ్చళ్లు
అయ్యో, ఇంత ఉందా. మావారికి చదివి వినిపించాను. షోరూం వాళ్లు బయట ఇన్సూరెన్స్ చేయించుకుంటే డెలివరీ ఆలస్యమవుతుంది అన్నారు, అది నిజమేనా?

పాలసీ_చదివి_సంతకం
కాదమ్మా. కంపెనీని ఎంచుకునే హక్కు కొనేవాళ్లదే, షోరూంలోనే చేయించాలని బలవంతం చేయకూడదు. మీకు కావలసింది ఛాసిస్ నంబరు, మోటారు నంబరు, ఇన్వాయిస్, అంతే. వాటితో ఏ కంపెనీ అయినా అరగంటలో పాలసీ ఇస్తుంది. కాకపోతే బండి షోరూం గేటు దాటకముందే పాలసీ చేతిలో ఉండాలి. ప్రీమియం కంపెనీకి చేరకముందు ఒక్క నిమిషం కూడా కవర్ ఉండదు, చట్టంలోనే అలా ఉంది, అందుకే ఏజెంట్ చేతికి నగదు ఇచ్చి సాయంత్రం చేస్తాడులే అనుకోవద్దు.

ఖమ్మం_గూడ్స్_ఆటో
ఆ నాలుగు యాడ్ ఆన్‌లల్ల ఐఎంటీ 23 ఉందా చూడండి అక్కా. నాకు తెలియక నష్టపోయిన సంగతి చెప్తా. మూడేండ్ల కింద వైరా రోడ్డు మీద ట్రాక్టర్ ట్రాలీ వెనక నుంచి నా బండి తగిలింది, ముందు హెడ్‌లైట్, బంపర్, మడ్‌గార్డ్, పెయింటు మొత్తం పోయినయ్. ఫుల్ ఇన్సూరెన్స్ కదా అని ధైర్యంగా ఉన్నా. సర్వేయర్ వచ్చి చూసి, కమర్షియల్ బండికి లైట్లు, టైర్లు, మడ్‌గార్డులు, బంపర్లు, దెబ్బ తిన్నచోట పెయింటు, ఇవన్నీ మామూలు పాలసీల రావు, ఐఎంటీ 23 తీసుకుంటేనే వస్తయ్ అన్నడు. నాకు తగిలింది మొత్తం ఆ సామానే. పద్దెనిమిది వేల బిల్లుకు చేతికి వచ్చింది రెండు వేల చిల్లర. ఆ ఐఎంటీ 23కి ఓన్ డ్యామేజీ మీద 15 శాతమే ఎక్కువ పడుతది, అంటే మనకు ఏడు వందలో ఎనిమిది వందలో. అప్పుడు నాకు ఒక్కరు చెప్పలేదు. మూడు చక్రాల బండికి ముందు ఏం తగిలినా లైటు, మడ్‌గార్డే పోతయ్, అది లేకుండా తీసుకోవద్దు.

బెజవాడ_లోడింగ్
నేను వేరే మాట అడుగుతున్నా. అసలు అంత ఎందుకు? థర్డ్ పార్టీ ఒక్కటే కట్టి, మిగిలిన డబ్బు పక్కన పెట్టుకుంటే చాలదా? చిన్న దెబ్బలకి మనమే ఆటోనగర్‌లో చేయించుకుంటాం కదా. నా డీజిల్ బండికి ఎనిమిదేళ్లుగా అదే చేస్తున్నా.

సింగ్‌నగర్_వాసి
అన్నా, ఎనిమిదేళ్ల డీజిల్ బండికి నీ లెక్క సరిపోవచ్చు. కొత్త బండికి, అందులోనూ లోను బండికి, అందులోనూ కింద బ్యాటరీ పెట్టుకున్న బండికి సరిపోదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వచ్చినప్పుడు మా వీధిలో బండ్లన్నీ మునిగిపోయాయి. మాది అప్పటికి ఐదు నెలల ఎలక్ట్రిక్ ప్యాసింజర్ ఆటో, నాలుగు రోజులు నీళ్లలో ఉంది. మా నాన్న థర్డ్ పార్టీ మాత్రమే కట్టారు, డబ్బు మిగులుతుందని. పక్కింటి ఆయన అదే బండి, అదే నెలలో కొన్నది, ప్యాకేజీ పాలసీ (థర్డ్ పార్టీ, ఓన్ డ్యామేజీ రెండూ కలిపినది) ఉంది, కలెక్టరేట్ దగ్గర క్యాంపులు పెట్టినప్పుడు వెళ్లి కాయితాలు ఇచ్చి క్లెయిమ్ తీసుకున్నాడు. మేము బండి లేకుండా ఇరవై ఎనిమిది నెలల ఈఎంఐ ఇంకా కడుతున్నాం. వరద, తుఫాను, అగ్ని, దొంగతనం, ఇవన్నీ ఓన్ డ్యామేజీలోనే వస్తాయి, థర్డ్ పార్టీలో మన బండికి రూపాయి రాదు. దయచేసి ఎవరికీ ఆ సలహా ఇవ్వకు.

బెజవాడ_లోడింగ్
సారీ తమ్ముడూ. నేను నా పాత బండి లెక్కలోనే ఆలోచించాను. కొత్తదానికి ప్యాకేజీ తీసుకోవాలి, ఒప్పుకుంటున్నా.

ఆటోనగర్_షెడ్డు
బ్యాటరీ సంగతి ఎవరూ ఎత్తలేదు, ఈ బండిలో సగం ఖరీదు దాదాపు అదే. మా షెడ్డుకు వచ్చే ఎలక్ట్రిక్ బండ్లలో గొడవంతా అక్కడే. మామూలు పాలసీలో పార్టుల మీద తరుగు కోసేటప్పుడు రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీ, వీటన్నిటి మీద 50 శాతం కోస్తారు. ఇనుప పార్టులకి ఆరు నెలల లోపు కోత లేదు, ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ల లోపు 10, అలా పెరుగుతూ పోతుంది. బ్యాటరీకి మాత్రం మొదటి రోజు నుంచే సగం. లక్షన్నర బ్యాటరీ యాక్సిడెంట్‌లో పగిలితే డెబ్బై ఐదు వేలు మన జేబు నుంచి. అందుకని జీరో డిప్రిసియేషన్ (ఈ తరుగు కోయకుండా ఇచ్చే కవర్) కానీ, బ్యాటరీకి విడిగా ఉండే కవర్ కానీ ఏ కంపెనీ ఇస్తుందో అడగండి, కమర్షియల్ మూడు చక్రాలకి అన్ని కంపెనీలూ ఇవ్వవు. తీసుకునేటప్పుడు అందులో బ్యాటరీ కూడా కలుస్తుందా లేదా అని రాతలో అడగండి, నోటి మాట కాదు.

ఛార్జర్, కేబుల్ కూడా పాలసీలో రాయించుకోండి. ఇంకోటి, మీ బ్యాటరీ మీదేనా, అద్దెదా? మార్చుకునే బ్యాటరీ స్కీములో కొంటే బ్యాటరీ కంపెనీది, అప్పుడు ఐడీవీలో దాని ఖరీదు కలవకూడదు, దానికి బాధ్యత ఎవరిదో వాళ్ల అగ్రిమెంటులో చూడాలి.

గుంటూరు_పచ్చళ్లు
బ్యాటరీ బండితో పాటే వస్తుంది అన్నా, మాదే. బాడీ టైప్ ఓపెన్ అని ఉందని రాశాను కదా, అది పెద్ద తేడానా? షోరూం అబ్బాయి ఇంకో మాట కూడా అన్నాడు, పికప్ మోడల్ తీసుకుని బయట బాక్స్ కట్టిస్తే ఇరవై వేలు కలిసొస్తుందని.

ఆటోనగర్_షెడ్డు
వద్దక్కా. బాక్సులు కట్టేది మా వీధిలోనే, నా పొట్ట కొట్టుకున్నా పర్వాలేదు, నిజం చెప్తున్నా. కంపెనీ నుంచే డెలివరీ వ్యాన్ అని వచ్చిన బండి తీసుకుంటే ఇన్వాయిస్‌లో, ఆర్సీలో, పాలసీలో ఒకటే ఉంటుంది. పికప్ కొని బాక్స్ కట్టిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆ మార్పు ఆర్టీవో దగ్గర నమోదు కావాలి, ఆ తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి బాక్స్ ఖరీదు ఐడీవీలో కలిపించి, ఆ మార్పు పాలసీలో రాసినట్టు ఎండార్స్‌మెంట్ తీసుకోవాలి. చాలామంది ఈ రెండూ చేయరు. నెలకి ఇద్దరు ముగ్గురు వస్తారు, బండి పల్టీ కొట్టి బాక్స్ నుజ్జయి ఉంటుంది, పాలసీలో బాక్స్ అనేదే ఉండదు, వాళ్ల మొహం చూడలేను. బరువు కూడా పైకి పోతుంది, మూడు చక్రాల బండి మలుపులో తిరగబడటానికి అదే కారణం.

పాలసీ_చదివి_సంతకం
షెడ్డు తమ్ముడు చెప్పింది అక్షరాలా సరి. దానికి ఒక్కటి కలుపుతాను: లోపలున్న పచ్చళ్లు ఈ పాలసీలో రావు. బండి ఇన్సూరెన్స్ బండికే, సరుకుకి ట్రాన్సిట్ పాలసీ విడిగా ఉంటుంది. అలాగే లోను ఇచ్చినవాళ్ల పేరు హైపోథికేషన్ దగ్గర సరిగ్గా ఉందో చూడండి, పేరు తప్పు పడితే క్లెయిమ్ చెక్కు అక్కడే ఆగుతుంది. బండి నడిపేది ఎవరు?

గుంటూరు_పచ్చళ్లు
బండి నా పేరు మీద, నడిపేది మా మరిది. ఆయనకి కారు లైసెన్స్ ఉంది, ఎల్ఎంవీ. కమర్షియల్ బండి నడపడానికి లైసెన్స్ మీద వేసే బ్యాడ్జి లేదు. నాకు లైసెన్స్ లేదు.

తెనాలి_ట్రావెల్స్
బ్యాడ్జి లేకుండా కమర్షియల్ బండి నడిపితే క్లెయిమ్ రాదు. మా దగ్గర ఎప్పుడూ ఇదే రూలు.

పాలసీ_చదివి_సంతకం
అది పాత మాట అండి. 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాన్ని 2024 నవంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఖాయం చేసింది. ఎల్ఎంవీ లైసెన్స్ ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్టు బండి నడపడానికి లైసెన్స్ మీద విడిగా ఎండార్స్‌మెంట్ అక్కర్లేదు. ఆ ఒక్క కారణం చూపించి కంపెనీ క్లెయిమ్ తిప్పి పంపడానికి లేదు.

తెనాలి_ట్రావెల్స్
తీర్పు సరే, కానీ మన లైసెన్సుల మీద ఆటో రిక్షా అని విడిగా ఒక క్లాస్ ఉంటుంది కదా. రోడ్డు మీద ఆపినప్పుడు తీర్పు చూపిస్తామా?

పాలసీ_చదివి_సంతకం
మీ అనుమానంలో న్యాయం ఉంది. కోర్టుకెళ్లి గెలవడం వేరు, ఆరు నెలలు తిరగకుండా క్లెయిమ్ రావడం వేరు. అందుకని అమ్మా, మీ మరిది లైసెన్స్ పట్టుకుని ఒకసారి ఆర్టీవో ఆఫీసుకి వెళ్లి మూడు చక్రాల క్లాస్ కూడా వేయించుకోమనండి. చిన్న పని. వాదన అవసరమే ఉండదు.

బండి మీ పేరు మీద ఉండి మీకు లైసెన్స్ లేదు కాబట్టి ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్, 15 లక్షలది, మీకు వర్తించదు. అది బండి యజమానికి చెల్లే లైసెన్స్ ఉంటేనే. ప్రతి కొటేషన్‌లో దాన్ని అలవాటుగా కలిపేస్తారు, కట్టిన డబ్బు వృథా. దానికి బదులు బండి మరిది పేరు మీద తీసుకుంటే ఆయనకి ఆ 15 లక్షల కవర్ వస్తుంది, ఇంటి మనిషి రోజూ రోడ్డు మీద ఉంటాడు కాబట్టి నేనైతే అదే చేస్తాను. లేదా ఆయనకి విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి. జీతం మీద డ్రైవర్‌ని పెడితే పెయిడ్ డ్రైవర్ కవర్ 50 రూపాయలే, అది కూడా కలిపించండి.

నరసరావుపేట_మిర్చి
ఇంత మంచి చర్చలో ఒక్క విషయం చెప్పకపోతే నాకు మనసు ఒప్పదు. అమ్మా, మీరు గూడ్స్ బండి కొంటున్నారు. మిర్చి కోతల కాలంలో మా పల్నాడులో గూడ్స్ ఆటోలో పది పదిహేను మంది కూలీ ఆడవాళ్లను ఎక్కించుకుని పోవడం మీరూ చూసే ఉంటారు. రేపు ఎవరైనా మిమ్మల్ని కూడా అడుగుతారు, ఖాళీగా వస్తున్నారు కదా, మా ఊరి దాకా ఎక్కించుకోండి అని. ఎక్కించుకోవద్దు. సరుకు బండిలో సరుకు యజమాని కానీ ఆయన పంపిన మనిషి కానీ ఉంటే మోటారు వాహనాల చట్టం 1994 సవరణ ప్రకారం పాలసీలో కవర్ ఉంది. ఊరికే ఎక్కినవాళ్లకి లేదు, ఆశా రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది. మూసి ఉన్న బాక్సులో కూర్చోబెడితే ఊపిరి కూడా ఆడదు.

మా ఊళ్లో ఒక బండి కాలవలో పడింది, నలుగురు పోయారు. ఇన్సూరెన్స్ కంపెనీ మాకు సంబంధం లేదంది. పోయినవాళ్ల పిల్లలకి ఏళ్ల తరబడి ఏమీ రాలేదు, బండి ఓనరు పొలం అమ్ముకున్నాడు. ఆ రెండు వైపుల కుటుంబాలూ నాకు తెలిసినవాళ్లే.

గుంటూరు_పచ్చళ్లు
బాబాయ్ గారూ, మీరు రాసింది మా మరిదికి చూపించాను. పాత ఆటోలో ఒకటి రెండు సార్లు మేమూ ఎక్కించుకున్నాం. ఇంక ఎక్కించుకోం.

ఖమ్మం_గూడ్స్_ఆటో
అక్కా, పాత డీజిల్ ట్రాలీ ఉందన్నరు కదా, అది అమ్మిండ్రా? దాని మీద క్లెయిమ్ లేకుండ ఎన్నేండ్లు నడిచింది?

గుంటూరు_పచ్చళ్లు
పోయిన నెలే అమ్మేశాం. మూడేళ్లుగా క్లెయిమ్ లేదు, ప్యాకేజీ పాలసీయే ఉండేది. ఆ పాత బండి మరిది పేరు మీదే ఉండేది.

ఖమ్మం_గూడ్స్_ఆటో
అయితే 35 శాతం నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ) మీ చేతుల ఉంది, వదిలిపెట్టకండి. బోనస్ బండిది కాదు, మనిషిది. పాత కంపెనీకి బండి అమ్మిన కాయితం ఇచ్చి ఎన్‌సీబీ లెటర్ తీసుకుంటే అదే రకం కొత్త బండికి ఓన్ డ్యామేజీల తగ్గిస్తరు. పాత బండి కొత్తబండి రెండూ ఒక్కరి పేరు మీదే ఉండాలె, అందుకే కొత్తది మరిది పేరు మీద తీసుకోవడం ఇంక మంచిది.

సింగ్‌నగర్_వాసి
ఒకవేళ కంపెనీ ఏదైనా తిరకాసు పెడితే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అక్కడ తేలకపోతే బీమా ఫిర్యాదుల కోసం ఉన్న బీమా భరోసా పోర్టల్, 155255 నంబరు ఉన్నాయి. నెల రోజుల్లో జవాబు రాకపోతే హైదరాబాదులో ఇలాంటి గొడవలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, మన రెండు రాష్ట్రాలకీ అదే, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. మా వీధిలో వరదప్పుడు ఇద్దరు అక్కడికి వెళ్లారు.

గుంటూరు_పచ్చళ్లు
అందరికీ చాలా థాంక్స్. ఈ రోజు పని పూర్తయింది, వేరేవాళ్లకి ఉపయోగపడుతుందని మొత్తం రాస్తున్నా.

బుకింగ్ మరిది పేరు మీదకి మార్పించాం, షోరూం వాళ్లు కాస్త గొణిగారు కానీ చేశారు. ఎన్‌సీబీ లెటర్ రెండు రోజుల్లో వచ్చింది. మూడు కంపెనీల దగ్గర రాతలో కొటేషన్ అడిగాం. ఒక కంపెనీ కమర్షియల్ మూడు చక్రాలకి జీరో డిప్రిసియేషన్ ఇవ్వమంది, ఇంకో కంపెనీ ఇస్తాం కానీ బ్యాటరీ కలవదంది, మూడో కంపెనీ బ్యాటరీ కూడా కలుస్తుందని మెయిల్‌లో రాసి ఇచ్చింది, దాంట్లోనే తీసుకున్నాం. క్లాస్ గూడ్స్ త్రీ వీలర్, బాడీ డెలివరీ వ్యాన్, ఐడీవీ 3,84,750, థర్డ్ పార్టీ 15 శాతం పోను 3,818, ఐఎంటీ 23 ఉంది, ఓనర్ డ్రైవర్ కవర్ 15 లక్షలు మరిదికి, నామినీ మా తోడికోడలు. జీఎస్టీతో కలిపి 10,240 అయింది. షోరూం వాళ్లు అడిగిన 16,900లో కూడా ఇవన్నీ లేవు, ఐఎంటీ 23 అసలు వేయనే లేదు, కీ రీప్లేస్‌మెంట్ లాంటివి వేసి పెంచారు.

ఒక్క అనుమానం ఉండిపోయింది. పాలసీలో రిజిస్ట్రేషన్ నంబరు దగ్గర కొత్త బండి అని ఉంది. నంబరు వచ్చాక ఏం చేయాలి?

పాలసీ_చదివి_సంతకం
మంచి పని చేశారమ్మా. ఆర్సీ రాగానే కాపీ కంపెనీకి మెయిల్ చేసి నంబరు ఎండార్స్ చేయించండి. తర్వాత ఎం-పరివాహన్ యాప్‌లో మీ నంబరు కొట్టి పాలసీ తేదీ కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే వారంలోపే అడగండి, ఆపిన చోట చూసేది అదే. ట్రాన్స్‌పోర్టు బండి కాబట్టి ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. బ్యాటరీ బండికి పర్మిట్ అక్కర్లేదు, 2018లోనే తీసేశారు. ఫిట్‌నెస్ మాత్రం రెండేళ్లకి వస్తుంది, ఆ తేదీ క్యాలెండర్ మీద ఇప్పుడే రాసి పెట్టుకోండి, ఫిట్‌నెస్ అయిపోయిన బండికి క్లెయిమ్ దగ్గర గొడవ తప్పదు.

గుంటూరు_పచ్చళ్లు
రాసి పెట్టానండీ. గురువారం పొద్దున డెలివరీ, మొదటి ట్రిప్పు మంగళగిరి.

ఆటోనగర్_షెడ్డు
మంగళగిరి దాకా వచ్చాక ఇటు ఒక్క పది నిమిషాలు రండక్కా, టైర్లలో గాలి, తలుపు బందులు ఒకసారి చూసి పంపిస్తా.